ఎం.ఫార్మ్ ప్రాజెక్ట్‌కి తెల్లమద్ది, డాక్సోరుబిసిన్: గుండెని కాపాడే ఎక్స్‌ట్రాక్ట్ అని తేల్చాలంటే ఏం చెయ్యాలి

ఫార్మకాలజీ తీస్కున్న ప్రతి బ్యాచ్‌లో కనీసం ఇద్దరైనా "ఫలానా మొక్క కార్డియోప్రొటెక్టివ్ యాక్టివిటీ" అని టైటిల్ పెడతారు, సీనియర్ థీసిస్ ఒకటి దొరుకుద్ది, అందులో మొక్క పేరు మార్చేస్తారు, ఎలుకలు అవే, డోసులు అవే, గ్రాఫులు కూడా అవే ఆకారంలో వస్తాయి. చివర్లో "సిగ్నిఫికెంట్ ప్రొటెక్షన్ కనిపించింది" అని కన్‌క్లూజన్. నాకు ఇంతవరకు "ఈ ఎక్స్‌ట్రాక్ట్ పనిచెయ్యలేదు" అని రాసిన థీసిస్ కనపడలేదు, ఊళ్ళో ఉన్న ప్రతి ఆకూ గుండెని కాపాడేస్తుంటే ఇన్ని కార్డియాలజీ హాస్పిటళ్ళు ఎందుకున్నాయో మరి. అందుకని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది ఆ ప్రాజెక్ట్‌ని "కాదు" అనే జవాబు కూడా రావడానికి చోటు ఉండేలా ఎలా చెయ్యాలో చెప్పే పోస్ట్. తెల్లమద్ది బెరడు, డాక్సోరుబిసిన్ జంట తీస్కుని చెప్తా, మీ మొక్క వేరే అయినా లెక్క ఇదే.

ముందు శత్రువు ఎవరో తెలియాలి. డాక్సోరుబిసిన్ అంటే కీమో వార్డుల్లో కనిపించే ఎర్ర మందు, బ్రెస్ట్ క్యాన్సర్, లింఫోమా, సార్కోమా వీటిల్లో వాడతారు. బాగా పనిచేస్తుంది, కానీ మొత్తం కలిపి ఎంత ఎక్కిందో దాన్నిబట్టి గుండె దెబ్బతింటుంది. 2003లో వచ్చిన ఒక పెద్ద అనాలిసిస్ ప్రకారం మొత్తం డోస్ చదరపు మీటర్‌కి 400 మి.గ్రా. దగ్గర హార్ట్ ఫెయిల్యూర్ 5 శాతం మందిలో, 550 దగ్గర 26 శాతం మందిలో, 700 దగ్గర 48 శాతం మందిలో వస్తుందని అంచనా వేశారు. ఎందుకు వస్తుందంటే మన సిలబస్‌లో ఉన్న సమాధానం ఫ్రీ రాడికల్స్, డాక్సో అణువులో ఉన్న క్వినోన్ భాగం ఎలక్ట్రాన్లు తీస్కోవడం ఇవ్వడం చేస్తూ సూపరాక్సైడ్ పుట్టిస్తుంది, ఐరన్‌తో కలిసి ఇంకా గోల చేస్తుంది, గుండె కండరంలో క్యాటలేజ్ లాంటి ఎంజైములు లివర్‌తో పోలిస్తే తక్కువ కాబట్టి తట్టుకోలేదు. ఇదంతా కరెక్టే కానీ సగమే. 2012లో గుండె కణాల్లో ఉండే టోపోఐసోమరేజ్ టూ బీటా అనే ఎంజైమ్‌ని తీసేసిన ఎలుకల్లో డాక్సో దెబ్బ బాగా తగ్గిందని తేలింది. అంటే యాంటీఆక్సిడెంట్ అయితే చాలు గుండె బతికిపోద్ది అనుకోడానికి లేదు. విటమిన్-ఇ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ రెండూ జంతువుల్లో ఆశపెట్టి మనుషుల దగ్గరికొచ్చేసరికి నిలబడలేదు. ఆఖరికి 1995లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న డెక్స్‌రాజోక్సేన్ అనే గుండెని కాపాడే మందు నిలబడింది, అది ఐరన్‌ని పట్టుకోవడంతో పాటు ఆ టోపోఐసోమరేజ్‌ని కూడా తగ్గిస్తుంది.

ఇప్పుడు మోడల్, అంటే ఎలుక గుండెని కావాలని దెబ్బతీసే పద్ధతి. మన కాలేజీల్లో ఎక్కువగా నడిచేది బీటా రిసెప్టార్లని రెచ్చగొట్టి గుండెని అదరగొట్టే ఐసోప్రొటెరినాల్, కేజీకి 85 మి.గ్రా. చర్మం కింద, 24 గంటల తేడాతో రెండు రోజులు. చవక, తొందరగా అయిపోద్ది. నాకు మాత్రం దీనిమీద ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది, మీ ఎక్స్‌ట్రాక్ట్‌లో బీటా రిసెప్టార్‌ని కొంచెం అడ్డుకునే గుణం ఉన్నా చాలు, గుండె అదిరిపోకుండా ఉంటుంది, మీరేమో అది యాంటీఆక్సిడెంట్ మహిమ అని రాసేస్తారు. అందుకే ఈ మోడల్ తీస్కుంటే ఇంజెక్షన్ తర్వాత హార్ట్ రేట్ కచ్చితంగా కొలవండి, అన్ని గ్రూపుల్లో ఒకేలా పెరిగితేనే మీ వాదనకి బలం. ఇంకోటి, ఆ ద్రావణం గాలికి వెలుతురుకి గులాబీ రంగులోకి తిరుగుతుంది, తిరిగిందంటే పాడైనట్టే, ఏ రోజుకారోజు కలుపుకోండి.

డాక్సో తీస్కుంటే మళ్ళీ రెండు దారులు. ఒకేసారి కేజీకి 15 లేదా 20 మి.గ్రా. ఇచ్చి రెండు మూడు రోజుల్లో ముగించేది ఒకటి, కేజీకి 2.5 మి.గ్రా. చొప్పున ఆరు డోసులు రెండు వారాల్లో పొట్ట కుహరంలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి మొత్తం 15 చేసేది ఇంకోటి. టైం ఉంటే రెండోదే చెయ్యండి, పేషెంట్‌కి జరిగేదానికి అది కాస్త దగ్గర. చివరి డోస్ తర్వాత ఇంకో రెండు మూడు వారాలు ఆగితే గుండె నీరసం అసలు రూపంలో కనిపిస్తుంది, పొట్టలో నీరు చేరడం, బరువు తగ్గడం, బొచ్చు గరుకుగా అవడం. ఈ టైంలో కొన్ని ఎలుకలు చనిపోతాయి, అది కూడా డేటానే. ఎన్ని పోయాయో గ్రూప్‌వారీగా రాయాలి, చనిపోయినవాటి చోట గుట్టుగా కొత్తవి పెట్టడం కుదరదు.

మొక్క సంగతికొద్దాం. తెల్లమద్ది వాగులు, ఏర్ల ఒడ్డున పెరుగుతుంది, బెరడు నున్నగా బూడిద తెలుపులో ఉంటుంది, పలచగా పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, లోపలివైపు చూస్తే గులాబీ ఎరుపు. నల్లమద్ది బెరడు నల్లగా, లోతైన పగుళ్ళతో మొసలి వీపులా ఉంటుంది. చెట్టు దగ్గర నిలబడితే చిన్నపిల్లాడు కూడా తేడా చెప్తాడు, కానీ మూలికల కొట్లో ముక్కలు చేసో పొడి చేసో ఇస్తే మాత్రం దేవుడికే తెలియాలి. కాబట్టి పొడి కొనొద్దు. చెట్టు నుంచే తీస్కోండి, ఫారెస్ట్ ల్యాండ్ అయితే పర్మిషన్ తీస్కుని, ఆకులూ కాయలతో ఉన్న కొమ్మ కూడా కోసుకోండి, ఎందుకంటే బోటనీ వాళ్ళు బెరడు ముక్క చూసి సర్టిఫికెట్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గానీ ఉస్మానియా గానీ మీకు దగ్గరున్న బోటనీ డిపార్ట్‌మెంట్‌కి హెర్బేరియం షీట్ (ఎండబెట్టి కాగితానికి అతికించిన కొమ్మ) చేసి పట్టుకెళ్ళండి, ఆ నమూనాకి వోచర్ నంబర్ తీస్కుని షీట్‌ని అక్కడో మీ కాలేజీలోనో భద్రంగా పెట్టండి. బెరడు తీసేటప్పుడు మాను చుట్టూ రింగ్‌లా ఒలవొద్దు, చెట్టు చచ్చిపోద్ది, ఒకవైపు నిలువు పట్టీ తీస్తే చాలు.

ఎంత తీస్కోవాలో ముందే లెక్కేస్కోండి, ఇది చాలామంది మధ్యలో గుర్తొచ్చి తల పట్టుకునే విషయం. 200 గ్రాముల ఎలుకకి కేజీకి 400 మి.గ్రా. అంటే రోజుకి 80 మి.గ్రా., ఆరు ఎలుకలకి 35 రోజులకి (డాక్సోకి ముందు ఒక వారం, డాక్సో రెండు వారాలు, తర్వాత రెండు వారాలు) దాదాపు 17 గ్రాములు. ఎక్స్‌ట్రాక్ట్ మాత్రమే ఇచ్చే గ్రూప్‌కి ఇంకో 17, తక్కువ డోస్ 200 గ్రూప్‌కి 8.4, కలిపితే దగ్గర దగ్గర 42 గ్రాములు. 15 శాతం యీల్డ్ (పొడిలోంచి చేతికొచ్చే ఎక్స్‌ట్రాక్ట్) వస్తుందనుకున్నా 280 గ్రాముల పొడి కావాలి, ఎలుకలు బరువు పెరుగుతాయి, కొంత గిన్నెలకి అంటుకుపోద్ది, అక్యూట్ టాక్సిసిటీకి ఫైటోకెమికల్ టెస్టులకి వేరే కావాలి, కాబట్టి అర కేజీ పెట్టుకుని ఒకే బ్యాచ్‌గా తీయండి. సగం ప్రాజెక్ట్ ఒక బ్యాచ్‌తో, సగం ఇంకో బ్యాచ్‌తో చేస్తే రెండూ ఒకటే మందు అని చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

నీడలో ఆరబెట్టి, మరీ మెత్తగా కాకుండా రవ్వలా పొడి చేయండి, మెత్తటి పొడి వేస్తే సాక్స్‌లెట్ (వేడి సాల్వెంట్‌తో మళ్ళీమళ్ళీ కడిగి సారం తీసే గాజు పరికరం) థింబుల్ మూసుకుపోయి సాల్వెంట్ పైన నిలబడిపోద్ది. పెట్రోలియం ఈథర్‌తో కొవ్వు తీసేసి తర్వాత 70 శాతం ఇథనాల్‌లో నానబెట్టే పద్ధతి తెల్లమద్దికి నాకు నచ్చుద్ది, వేడి తగలదు కాబట్టి. సాక్స్‌లెట్ అయితే సైఫన్ ట్యూబ్‌లో దిగే ద్రవం రంగు పోయేదాకా నడపాలి, మొదట ముదురు ఎరుపు గోధుమ రంగులో దిగేది పోనుపోను టీ నీళ్ళలా అయ్యి చివరికి తేటగా వస్తుంది. సాల్వెంట్ ఆవిరి చేసే రోటావాప్ 40, 45 డిగ్రీలు దాటనివ్వకండి. మిగిలేది ముదురు రంగు ముద్ద, డెసికేటర్‌లో పెట్టి ఎండాక బరువు తీయండి, తడి ముద్దని తూచి యీల్డ్ ఎక్కువ చూపించుకుంటే తర్వాత డోస్ లెక్కలన్నీ తప్పే. బెరడులో టానిన్లు చాలా ఎక్కువ, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే నల్లగా తిరుగుతుంది, సాపోనిన్లకి నురగ వస్తుంది, ఇవి చూసి ఆగిపోకుండా టోటల్ ఫినాల్ గాలిక్ యాసిడ్ లెక్కలో కొలవండి, వీలైతే హెచ్‌పీటీఎల్‌సీలో (పదార్థాలని విడదీసి చూసే పద్ధతి) తెల్లమద్దిలో ఉండే అర్జునోలిక్ యాసిడ్ పట్టుకోండి. అది లేకపోతే రేపు ఇంకొకళ్ళు మీ పనిని మళ్ళీ చేద్దామన్నా చేయలేరు.

ఎథిక్స్ పర్మిషన్ లేకుండా ఒక్క ఎలుకని ముట్టుకోవద్దు. ఫారం-బి నింపి కాలేజ్ ఐఏఈసీ (జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ) ముందు పెట్టాలి, దాని పైనుండే కేంద్ర కమిటీని ఇదివరకు సీపీసీఎస్ఈఏ అనేవాళ్ళం, ఇప్పుడు సీసీఎస్ఈఏ. ఎన్ని జంతువులు, ఎందుకు అన్ని, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు, ఏ స్థితికి వస్తే ఇక ఆపేసి ప్రశాంతంగా ముగిస్తారు, ఇవన్నీ అడుగుతారు. చివరిది మనవాళ్ళు ఎప్పుడూ ఖాళీ వదిలేస్తారు. డాక్సో మోడల్‌లో అదే ముఖ్యం, బరువు ఇంత శాతం తగ్గితే, కదలడం తినడం మానేస్తే అని ముందే రాసిపెట్టుకోండి. అక్యూట్ టాక్సిసిటీ (ఒక్కసారి పెద్ద డోస్ ఇస్తే విషమా కాదా చూడటం) ఓఈసీడీ 423 గైడ్‌లైన్ ప్రకారం, స్టెప్‌కి మూడు ఎలుకలు, 14 రోజుల పరిశీలన. 2000 మి.గ్రా. దగ్గర ఏమీ కాలేదంటే అందులో పదోవంతు 200, ఐదోవంతు 400 తీస్కోవడం మన వాడుక, వాడుకే గానీ సైన్స్ కాదు, వీలైతే 50 లేదా 100 కూడా పెట్టండి.

గ్రూపులు: నార్మల్, ఎక్స్‌ట్రాక్ట్ మాత్రమే, డాక్సో మాత్రమే, డాక్సోతో డెక్స్‌రాజోక్సేన్, డాక్సోతో తక్కువ డోస్, డాక్సోతో ఎక్కువ డోస్. ఎలుకలు సరిపోలేదని ముందుగా కోసేసేది రెండో గ్రూప్‌నే, దయచేసి కొయ్యకండి. ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే గుండెకి ఏం చేస్తుందో తెలియకుండా డాక్సో మీద ఏం చేసిందో ఎలా చెప్తారు? మొక్క కదా ఏం చేస్తదిలే అనుకునేవాళ్ళు గన్నేరుని గుర్తు తెచ్చుకోండి, అదీ పెరట్లో మొక్కే, గుండెని ఆపేస్తుంది. ఏ ఎలుక ఏ గ్రూప్ అనేది చీటీలు తీసో ర్యాండమ్ నంబర్లతోనో వెయ్యండి, బోనులోంచి చేతికి మొదట దొరికిన ఎలుకలన్నీ కంట్రోల్‌లో పడితే బలహీనంగా ఉన్నవే ముందు దొరుకుతాయి, అక్కడే ఫలితం వంకర పోయింది.

డాక్సో ఇచ్చే రోజు జాగ్రత్త. వయల్‌లో మిల్లీలీటర్‌కి 2 మి.గ్రా. ఉంటుంది, 200 గ్రాముల ఎలుకకి కావాల్సింది అర మి.గ్రా., అంటే పావు ఎం.ఎల్., దాన్ని సెలైన్‌తో పల్చన చేసి ఇవ్వండి, చిక్కగా ఇస్తే పొట్ట గోడలకి మంట. గ్లవ్స్ రెండు జతలు, కళ్ళద్దాలు, ఆప్రాన్ ఉండాల్సిందే, ప్రెగ్నెంట్‌గా ఉన్నవాళ్ళు ఈ పనిలో ఉండకూడదు. ఒలికితే ఎర్ర రంగు పోయేదాకా పల్చటి హైపోక్లోరైట్‌తో తుడవండి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు ఎలుకల మూత్రంలో, మలంలో కూడా మందు పోతుంది, కాబట్టి కింద పరిచే పొట్టుని మామూలు చెత్తలో వేయకుండా సైటోటాక్సిక్ వేస్ట్‌గా పంపాలి, అనిమల్ హౌస్‌లో పొట్టు మార్చే అన్నకి కూడా గ్లవ్స్ ఇచ్చి విషయం చెప్పండి, ఆయనకెవరూ చెప్పరు.

ఎక్స్‌ట్రాక్ట్ డాక్సోకి ఒక వారం ముందు మొదలుపెట్టి చివరిదాకా నోటి ద్వారా, సీఎంసీ (చిక్కదనం ఇచ్చే సెల్యులోజ్ పొడి) సస్పెన్షన్‌లో. కంట్రోల్ గ్రూపులకి కూడా ఖాళీ సీఎంసీ అంతే వాల్యూమ్ గొంతులోకి వెళ్ళాలి, గొట్టం పెట్టడమే ఎలుకకి ఒక స్ట్రెస్. ప్రతి డోస్‌కి ముందు సీసా ఊపండి, లేదంటే మొదటి ఎలుకకి నీళ్ళు, ఆఖరి ఎలుకకి మడ్డి పోతుంది.

చివరి రోజు ఈసీజీ, లీడ్ టూ. మత్తు ఏదైనా అన్నిటికీ ఒకటే ఉండాలి, జైలజీన్ కలిపితే హార్ట్ రేట్ బాగా పడిపోద్ది అని గుర్తుంచుకోండి. తర్వాత రక్తం. సీరమ్ లేత గులాబీ రంగులో కనిపించిందంటే ఎర్ర కణాలు పగిలాయని, వాటిలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ అంతా బయటికొచ్చి గుండె దెబ్బలా కనిపిస్తుంది, ఆ శాంపిల్ పక్కన పెట్టండి, పక్కన పెట్టిన సంగతి రాయండి. సన్న సూదితో గట్టిగా లాగితే ఇదే అవుద్ది. ఏఎస్‌టీ ఎంజైమ్ ఒక్కటి చూసి గుండె అనకండి, లివర్ నుంచి కూడా వస్తది, డాక్సో లివర్‌నీ వదలదు. మనుషుల కోసం చేసిన సీకే-ఎంబీ (గుండె ఎంజైమ్) కిట్ ఎలుక సీరమ్‌లో ఎంత నమ్మకమో ముందు కిట్ కంపెనీని అడగండి. డబ్బులు ఒక్క టెస్ట్‌కే ఉంటే ఎలుక ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) ఎలీసా టెస్ట్‌కి పెట్టండి, నా ఓటు దానికే.

గుండె తీసి చల్లటి సెలైన్‌లో రక్తం పోయేదాకా కడిగి, ఫిల్టర్ పేపర్ మీద ఒత్తి తూకం వెయ్యాలి. తర్వాత ఏ భాగం దేనికి అనేది అన్ని ఎలుకలకీ ఒకటే ఉండాలి, ఒకదానికి కింది కొన, ఇంకోదానికి పైభాగం పంపితే స్లైడ్ తేడా గుండెదా మందుదా ఎవరు చెప్తారు. హోమోజినేట్ (నూరిన గుండె కణజాలం) ఐస్ మీదే చెయ్యండి, ఆక్సిడేషన్ దెబ్బని చూపించే ఎండీఏ 532 నానోమీటర్ల దగ్గర, గ్లూటాథయోన్ ఎల్‌మన్ పద్ధతిలో 412 దగ్గర, క్యాటలేజ్ 240 దగ్గర, ఇవన్నీ మీకు తెలిసినవే. స్లైడ్స్ పాథాలజిస్ట్‌కి ఇచ్చేటప్పుడు లేబుల్ మీద కోడ్ మాత్రమే ఉండాలి, "హై డోస్" అని రాసి ఇస్తే ఆయన కూడా మనిషే. లెక్కలకి గ్రూపుల తేడా చూసే వన్ వే అనోవా, తర్వాత ఏ గ్రూప్‌కి ఏ గ్రూప్‌తో తేడా ఉందో చెప్పే డన్నెట్ గానీ ట్యూకీ గానీ, ఏది అనేది డేటా రాకముందే రాసిపెట్టుకోండి.

ఇప్పుడు అసలు మెలిక. డాక్సో గుండె కణాన్ని చంపినట్టే క్యాన్సర్ కణాన్నీ చంపాలి. మీ ఎక్స్‌ట్రాక్ట్ రెండిటినీ కాపాడేస్తే? ఇదేం ఊహ కాదు. 2002లో పసుపులోని కర్క్యుమిన్ తినిపించిన ఎలుకల్లో సైక్లోఫాస్ఫమైడ్‌తో తగ్గాల్సిన బ్రెస్ట్ ట్యూమర్ సరిగ్గా తగ్గలేదు. 2009లో గ్రీన్ టీలోని ఈజీసీజీ, బోర్టిజోమిబ్ అనే మైలోమా మందుని నేరుగా పట్టుకుని పనిచేయకుండా చేస్తుందని తేలింది. కాబట్టి పూణేలోని ఎన్‌సీసీఎస్ కణాల బ్యాంక్ నుంచి ఎంసీఎఫ్-7 బ్రెస్ట్ క్యాన్సర్ కణాలు తెప్పించుకుని, డాక్సో ఒక్కటే, డాక్సోతో ఎక్స్‌ట్రాక్ట్ అని ఎంటీటీ (బతికున్న కణాలు ఎన్నో రంగుతో చెప్పే టెస్ట్) చెయ్యండి, ఎక్స్‌ట్రాక్ట్ కలిసాక డాక్సో ఐసీ-50 (సగం కణాల్ని అడ్డుకోడానికి కావాల్సిన మోతాదు) పెరిగిందంటే మీ మొక్క ట్యూమర్‌ని కూడా కాపాడుతోందేమో అని అనుమానించాల్సిందే. అక్కడా ఒక గుంట ఉంది, ఫినాలిక్ ఎక్స్‌ట్రాక్టులు కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదా రంగులోకి మార్చేస్తాయి, చచ్చిన కణాలు బతికున్నట్టు రీడింగ్ వస్తుంది. కణాలు లేని బావుల్లో ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే వేసి ఆ రీడింగ్ తీసేయండి. కాలేజీలో సెల్ కల్చర్ లేకపోతే కనీసం డిస్కషన్‌లో ఇది చూడలేదని రాయండి.

డిస్కషన్ రాసేటప్పుడు డోస్‌ని మనిషి లెక్కలోకి మార్చి చూడండి, మత్తు దిగుద్ది. ఎలుకకి కేజీకి 400 మి.గ్రా. అంటే 6.2తో భాగిస్తే మనిషికి కేజీకి 65, అరవై కేజీల మనిషికి రోజుకి దాదాపు 3.9 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, 15 శాతం యీల్డ్ ప్రకారం 26 గ్రాముల బెరడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకి తెల్లమద్ది నీటి ఎక్స్‌ట్రాక్ట్ 750 మి.గ్రా. రోజుకి రెండుసార్లు 12 వారాలు ఇచ్చి చూసిన ట్రయల్ 2016లో వచ్చింది, గుండె పంపింగ్ శాతం పెరగలేదు. అది డాక్సో పేషెంట్ల మీద కాదు, అయినా "తెల్లమద్ది గుండెకి మంచిదని రుజువైంది" అని ఇంట్రడక్షన్‌లో రాసే ముందు దాన్ని చదవాలి కదా.

మీ టైటిల్ విని చుట్టాల్లో ఎవరో ఒకళ్ళు ఫోన్ చేస్తారు, "మా పెద్దమ్మకి కీమో నడుస్తుంది, ఆ బెరడు కషాయం ఇవ్వొచ్చా బాబూ" అని. "వద్దు పిన్నీ, ఇది ఎలుకల మీద చేసింది, కీమో డాక్టర్ గారికి చెప్పకుండా ఏ కషాయం ఇవ్వొద్దు, ఇప్పటికే ఇస్తుంటే సీసా పట్టుకెళ్ళి చూపించండి, ఎకో ఎప్పుడు తీయించాలో కూడా అడగండి" అని చెప్పండి. గుండెని కాపాడే పని వాళ్ళు డోస్ లెక్క పెట్టుకుని, ఎకో చూసుకుంటూ, బీపీ అదుపులో పెట్టి, అవసరమైతే డెక్స్‌రాజోక్సేన్ వేసి చేస్తూనే ఉంటారు.

వైవాకి ఎక్స్‌టర్నల్ అడిగేవి దాదాపు ఇవే: ఎలుకలు ఎన్ని చనిపోయాయి, ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కటే గ్రూప్ ఏమైంది, డెక్స్‌రాజోక్సేన్ బదులు విటమిన్-ఇ పెట్టుంటే అది ఎందుకు, స్లైడ్ చూసినవాళ్ళకి గ్రూప్ తెలుసా. ఐఏఈసీ లెటర్, వోచర్ నంబర్ ఉన్న సర్టిఫికెట్, ఎలుకల బరువుల రోజువారీ షీట్ అనెక్షర్‌లో పెట్టండి, పక్కన పెట్టిన శాంపిళ్ళ లిస్ట్ కూడా. మీ ఎక్స్‌ట్రాక్ట్ పనిచేయలేదని తేలితే టైటిల్‌లో "ఎవాల్యుయేషన్" అనే మాట ఎలాగూ ఉంటుంది కాబట్టి ఏం మార్చక్కర్లేదు, గ్రాఫులు ఉన్నవి ఉన్నట్టే పెట్టి సబ్మిట్ చేసేయండి.